గుమ్మడి లోపలి చప్పుడు

మార్చి 3

చిన్నాన్నకు,

నమస్కారం. ఫోనులో అక్షరాలు చీమల బారులా కనిపిస్తున్నాయనీ, కాగితం మీద రాస్తేనే చదువుతాననీ చెల్లితో కబురు పెట్టావు కాబట్టి చాలా ఏళ్ళ తర్వాత కలం పట్టాను. నా దస్తూరి పాడైపోయింది. సర్దుకుని చదువు.

మొన్న ఆదివారం పొద్దున్నే పాత ఇనుము కొట్టాయన వచ్చాడు. గేటు బయటే నిలబడి, "జూన్ ముప్ఫైన లారీ తెస్తానమ్మా. మీ చిన్నాన్నగారు మాటిచ్చారు. షెడ్డు తాళం ఒక్కటి తీసి ఉంచండి చాలు" అన్నాడు. నువ్వు చెల్లి దగ్గరికి వెళ్ళిపోయాక, బదిలీ మీద ఈ ఊరొచ్చి మూడేళ్ళుగా నీ ఇంట్లోనే ఉంటున్నాను. నీ కుర్చీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. రోజూ ఆ షెడ్డు పక్క నుంచే కాలేజీకి వెళ్తున్నాను. నువ్వు చేత్తో చేసుకున్న గుమ్మడి కారుని ఇనుముకి ఇచ్చేస్తున్నానని నాతో ఒక్క ముక్కైనా అనలేదే నువ్వు!

అతను వెళ్ళాక తాళం తీశాను. నీ అనుమతి అడగాల్సిందేమో. లోపల గుమ్మడి నువ్వు వదిలిన చోటే ఉంది, ముందు చక్రాలు లేకుండా, ఇటుకల మీద. వెనక భాగం అంత గుండ్రంగా ఎలా వంచావో ఇప్పటికీ నాకు అర్థం కాదు. చేత్తో రాస్తే ఒక్క అతుకు తగల్లేదు. ఇంజన్ మాత్రం ముక్కలు ముక్కలుగా బల్ల మీద ఉంది. అట్టముక్కల మీద బొమ్మలు గీసి, వాటికి బోల్టులు గుచ్చి పెట్టావు. గోడకి నీ నీలం చొక్కా వేలాడుతోంది, జేబులో పొడుగు స్క్రూడ్రైవర్‌తో సహా.

అడగాలనుకున్నది ఇది. ఆ ఇంజన్‌ని నేను బిగించనా? నవ్వకు. నేను పాఠాలు చెప్పేది గణాంక శాస్త్రమని తెలుసు. స్పానర్ పట్టడం చిన్నప్పుడు నువ్వు నేర్పినంతే. ఇది నా వల్ల అయ్యే పని కాదేమో. కానీ నా సంగతి నీకు తెలుసు కదా, డాక్టరేట్ సగంలో వదిలేశాను, వీణ సగంలో వదిలేశాను, ఇంకా చెప్పనక్కర్లేని ఒకటి రెండు కూడా సగంలోనే వదిలేశాను. నలభై నాలుగేళ్ళు వచ్చాయి. ఇంకెవరో సగంలో వదిలేసింది పట్టుకుంటే పూర్తవుతుందేమో అని ఆశ. పిచ్చి ఆశేమో కూడా.

జూన్ ముప్ఫై దాకా గడువివ్వు. ఆ లోపు గుమ్మడి తన ఇంజన్‌తో తాను షెడ్డులోంచి బయటికి వస్తే ఇనుమాయన ఖాళీ లారీ తోలుకుపోతాడు. రాకపోతే తాళం నేనే తీసిస్తాను.

నీ సందేహాల పుట్ట


మార్చి 11

చిరంజీవి సందేహాల పుట్టకి,

ఆశీస్సులు. నీ ఉత్తరంలో "ఏమో"లు లెక్కపెట్టాను. నాలుగు. ఇంజన్ బిగించేవాళ్ళకి ఒక్కటి కూడా ఉండకూడదు. అది మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

చెప్పలేదంటే, చెప్పడానికి మనసొప్పలేదు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బళ్ళు బాగుచేశాను. నాదంటూ చేసుకున్నది అదొక్కటే. రేకు నేనే కొట్టాను, రంగు నేనే వేశాను, సీట్లు మీ పిన్ని కుట్టింది. ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, క్రాంక్, అది మాత్రం మన పాయింటు గాడు గ్రైండింగ్ చేసిచ్చాడు. గుర్తుందా, ఆ మూల వీధిలో లేత్ షాపు? మిల్లీమీటరులో వందో వంతుకి వాడు పాయింటు అంటాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి ఎంత ఎత్తుందని అడిగితే కూడా పాయింట్లలో చెప్పిన మనిషి.

అంతా బిగించి మొదటిసారి స్టార్ట్ చేశాను. లోపల చప్పుడు. గోడకవతల ఎవరో మేకు కొడుతున్నట్టు. టక్. ఆగి మళ్ళీ టక్. విప్పాను, చూశాను, బిగించాను. అదే చప్పుడు. మూడుసార్లు విప్పాను. మూడోసారి చిరాకెత్తిపోయి, సైకిల్ షాపు ముందు నలుగురు నిలబడి ఉండగా, "నా ఇంజన్‌ని చంపేశావు కదరా, కళ్ళు కనపడకపోతే మిషను మూసుకుని కూర్చో" అన్నాను వాడిని. వాడు చేతులు గుడ్డకి తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మన గేటు దాటలేదు. ఆరేళ్ళయింది.

తర్వాత చెవులు పోయాయి. రేకు కొట్టి కొట్టి అరిగిపోయాయన్నాడు చెవి డాక్టరు. ఇప్పుడు మీ చెల్లి పక్కన నిలబడి అరిచినా పెదాలు కదులుతున్నట్టు కనిపిస్తుందంతే. ఆ చప్పుడొక్కటే నన్ను వదల్లేదు. పళ్ళు తోముకుంటుంటే వినిపిస్తుంది. దిండు మీద తల పెడితే వినిపిస్తుంది. చేసిన పని చెడితే అలాగే వెంటాడుతుంది మరి.

సరే, చెయ్యి. గడువిచ్చాను. కానీ షరతు ఒకటే: ముందు ఆ చప్పుడు ఎక్కడిదో పట్టుకో. అది దొరక్కుండా ఇంజన్ బిగించావంటే పనికిరాదు. చప్పుడుతో బయటికొచ్చే గుమ్మడి నాకొద్దు, లారీ ఎక్కించెయ్.

ముఖ్యమైన మాట. అట్టముక్కల మీద బోల్టులు కదపకు. ఏది ఎక్కడిదో అక్కడికే పోవాలి. నీ కాలేజీ తెలివితేటలు ఉపయోగించి వాటిని సర్దకు.

మీ చిన్నాన్న


మార్చి 20

చిన్నాన్నా,

నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైంది. అప్పటికే సర్దేశాను.

తిట్టుకో. బోల్టులన్నీ అట్టల నుంచి తీసి, కిరసనాయిలులో కడిగి, పొడవును బట్టి ఇరవై రెండు గాజు సీసాల్లో పోసి, ఒక్కో సీసాకి చీటీ అంటించాను. చాలా అందంగా ఉన్నాయి. నీ ఉత్తరం చదివాక వాటి మీద గుడ్డ కప్పేశాను. పిస్టన్లకి ఉండే నాలుగు రాడ్లు కూడా తుడిచి వరసగా పడుకోబెట్టాను, ఏ వరసలోనో నాకే తెలియదు.

ఒక మంచి వార్త కూడా ఉంది. మైక్రోమీటర్ పట్టడం నేర్చుకున్నాను. క్రాంక్‌ని చెక్క దిమ్మల మీద పెట్టి, బేరింగు కూర్చునే ఒక్కో చోటా ఏడేసి సార్లు కొలిచాను. వచ్చిన ఏడింటికీ సగటు తీశాను. నీ పుస్తకంలో ఉన్న కొలతకి అన్నీ ఒక పాయింటు తేడాలో ఉన్నాయి. అరుగుదల లేదు చిన్నాన్నా. నేనే సరిగ్గా కొలవలేదేమో.

పక్కింటి టైలరమ్మ గోడ మీంచి చూసి, "ఇదేంటండీ, మాస్టారమ్మా, మోచేతుల దాకా నూనె! పెళ్ళికొడుకు ఇంట్లో పని నేర్చుకుంటున్నారా?" అంది. పెళ్ళికొడుక్కి ముందు చక్రాలు లేవు, వెనక భాగం గుండ్రంగా ఉంటుందని చెప్పాను. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

సీసాల సంగతి ఏం చెయ్యమంటావు?

నీ అమ్మాయి


మార్చి 28

ఏమే,

నీ సీసాలు తగలెయ్య! ఉత్తరం చదివి నేను అరిచిన అరుపుకి మీ చెల్లి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాకు వినపడలేదు కానీ గట్టిగానే అరిచుంటాను.

సరే, విను. అట్టముక్కలు పారెయ్యలేదు కదా? బోల్టు గుచ్చిన కన్నం దాని లావంతే ఉంటుంది. కన్నం చుట్టూ నూనె మరక దాని తల ఆకారంలో ఉంటుంది. ఒక్కోటీ కన్నంలో పెట్టి చూసుకో, ఏది తన ఇల్లో అదే చెబుతుంది. రాడ్ల పక్కన వేలుతో తడుము, ఉలితో చుక్కలు పెట్టాను. ఒక చుక్క ఒకటో నంబరు, నాలుగు చుక్కలు నాలుగో నంబరు. చుక్కలు రేడియేటర్ వైపు చూడాలి. మతిమరుపు మనుషుల కోసం కాదు, నీలాంటి శుభ్రం మనుషుల కోసమే పెడతాం అలాంటివి.

ఇప్పుడు అసలు తిట్టు. సగటు తీశావా? ఇరుసుకి సగటేమిటే! గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా అరుగుతుంది. ఒక వైపు రెండు పాయింట్లు తగ్గి, ఇంకో వైపు తగ్గకుండా ఉంటే, నీ సగటు రెండింటినీ కలిపి మంచిదాన్ని చేసి చూపిస్తుంది. క్లాసులో పిల్లలకి సగటు మార్కులు చెప్పి ఫెయిలయినవాడిని దాచెయ్యొచ్చు. ఇక్కడ దాస్తే ఆ ఫెయిలయినవాడే ఇంజన్ పగలగొట్టుకుని బయటికొస్తాడు. ఒక్కో చోటా నాలుగు దిక్కుల్లో కొలువు. వచ్చింది వచ్చినట్టు రాయి. కలపకు, భాగించకు.

అది సరిపోతే సిగరెట్ కాగితం పరీక్ష చెయ్యి. బేరింగులో చిన్న ముక్క పెట్టి బిగించు. ఒక కాగితానికి క్రాంక్ తిరగాలి. రెండు పెడితే బిగుసుకోవాలి. రెండింటికీ తిరిగిందంటే అక్కడే ఉంది దొంగ.

దొరుకుతాడు. నేను విన్నాను వాడిని.

చిన్నాన్న


ఏప్రిల్ 14

చిన్నాన్నా,

సగటు విషయం నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. సగటు దేన్ని దాస్తుందో బోర్డు మీద రాసి మరీ చెబుతాను. నా చేతికి ఇనుము వచ్చేసరికి నేనే మర్చిపోయాను. క్లాసులో ఈ కథ చెప్పాను, నా పేరు చెప్పకుండా. వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తారు.

బోల్టులు తమ తమ ఇళ్ళకి చేరాయి. పదకొండు సాయంత్రాలు పట్టింది. మూడు మాత్రం ఎవరివో తేలలేదు, చివరికి అవి ఇంజన్‌వే కావు, పిన్ని కుట్టుమిషను స్టాండువి. చుక్కలు దొరికాయి. రాడ్లు వరసలో ఉన్నాయి.

ఇంక కొలతలు. నాలుగు దిక్కుల్లో కొలిచి, వచ్చింది వచ్చినట్టు వెనక పేజీలో రాశాను. కోడిగుడ్డు ఎక్కడా లేదు. ఒక కాగితానికి తిరిగింది, రెండింటికి బిగుసుకుంది, అన్ని చోట్లా. పిస్టన్ పిన్నులు చూశాను. టైమింగ్ చైన్ చూశాను. ఫ్లైవీల్ బోల్టులు చూశాను. దొంగ లేడు.

నా మీద నాకు నమ్మకం లేక, చెప్పకుండా ఒక పని చేశాను. క్రాంక్‌ని గోనెసంచిలో చుట్టి, రిక్షాలో వేసుకుని, పాయింటు మామయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవరిదో చెప్పలేదు. కట్టు విప్పగానే గుర్తుపట్టాడు. చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత కళ్ళజోడు మార్చుకుని, మైక్రోమీటర్‌ని చొక్కా కింద పెట్టి కాసేపు వెచ్చబెట్టుకుని, అప్పుడు కొలిచాడు. "ఎంతొచ్చింది నీకు?" అన్నాడు. చెప్పాను. "నాకూ అంతే వచ్చింది. ఆరేళ్ళ కిందటా అంతే" అన్నాడు. గోనెసంచి తనే మళ్ళీ కట్టాడు, పసిపిల్లని చుట్టినట్టు.

నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను.

నీ అమ్మాయి


ఏప్రిల్ 22

నీకు,

వాడి పని సరిగ్గా ఉందో లేదో వాడినే అడిగి వచ్చావు. భలే పరీక్ష. మీ కాలేజీలో పేపర్లు కూడా రాసినవాళ్ళ చేతే దిద్దిస్తారా?

నువ్వు కొలిచినవి చల్లటి ఇనుము కొలతలు. చప్పుడు వేడెక్కాక వస్తుంది, నడుస్తుంటే వస్తుంది. కాగితాలకి తెలియనిది చెవికి తెలుస్తుంది. నలభై ఏళ్ళు ఈ చెవితోనే బతికాను. బండి వీధి మలుపు తిరుగుతుండగానే ఏ సిలిండర్‌కి జబ్బో చెప్పేవాడిని. ఆ చెవి నాకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

వెతకడం చేతకాకపోతే చేతకాలేదని రాయి. లేదని మాత్రం రాయకు.

చిన్నాన్న


మే 9

చిన్నాన్నా,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు షెడ్డు వైపు వెళ్ళలేదు. చేతకాలేదనే రాద్దామని కాగితం తీశాను కూడా. రాస్తే అది కూడా సగంలో వదిలేసిన వాటి వరసలో చేరుతుంది. కాగితం పక్కన పెట్టి నీ పని పుస్తకాలు తీశాను. ఏ బండి వచ్చింది, ఏమిటి జబ్బు, నువ్వేం చేశావు అని రాసిన నల్ల అట్టల పుస్తకాలు. అలాంటి చప్పుడు ఇంకే బండికైనా వచ్చిందా, వస్తే ఎక్కడ దొరికింది అని చూద్దామనుకున్నాను. నాకు చేతనైన పని అదొక్కటే కదా, లెక్కపెట్టడం.

చివరి ఏడాదికి ముందు ఐదేళ్ళలో నూట పన్నెండు బళ్ళు వచ్చాయి. "లోపల టక్ మని చప్పుడు" అని తొమ్మిదింటికి రాశావు. తొమ్మిదింటికీ కారణం దొరికింది.

చివరి ఏడాది పద్నాలుగు వచ్చాయి. పద్నాలుగింటికీ అదే మాట రాశావు. కొత్తగా కొన్న డాక్టరుగారి కారుకి కూడా, పొలానికి నీళ్ళు తోడే పంపు ఇంజన్‌కి కూడా. ఒక్కదానికీ కారణం రాయలేదు.

గుమ్మడిని మూడోసారి విప్పిన రోజు పేజీలో ఒక మాట ఉంది: "స్పీడు పెంచినా అదే తాళం. వింత."

చిన్నాన్నా, నాకు ఇంజన్ల గురించి తెలియదు, అందుకే అడుగుతున్నాను. ఇంజన్ వేగం పెరిగితే లోపలి చప్పుడు కూడా త్వరత్వరగా రావాలి కదా? ఆ ఏడాది నీకు వినికిడి ఎలా ఉండేది? రెండు చెవులూ ఒకేలా ఉండేవా? ఊరికే అడుగుతున్నాను.

నీ అమ్మాయి


మే 16

ఊరికే అడగలేదు నువ్వు.

చెవిటివాడు కాబట్టి చెప్పిందల్లా తప్పేనని మీ చెల్లి ఒకతి అంటుంది, కూరలో ఉప్పు నుంచి వాన వస్తుందా రాదా అన్నదాకా. ఇప్పుడు నువ్వు తయారయ్యావు, లెక్కలు పట్టుకుని. ఆ రోజుల్లో నాకు చీమ నడిస్తే వినిపించేది. చెవులు పోయింది తర్వాత. తేదీలు నీ సీసాల్లో పెట్టుకుని సరిచూసుకో.

జూన్ ముప్ఫైన లారీ వస్తుంది. తాళం తీసిపెట్టు. ఈ విషయం మీద ఇంక ఉత్తరాలు రాయకు.


జూన్ 24

చిన్నాన్నా,

రాయకన్నావు. రాస్తున్నాను. నువ్విచ్చిన గడువు ఇంకా ఆరు రోజులుంది, అది నువ్వు వెనక్కి తీసుకోలేదు.

నీ కోపం ఉత్తరం వచ్చిన మర్నాడే బిగించడం మొదలుపెట్టాను. బేరింగులకి నూనె పూసి, చుక్కలు రేడియేటర్ వైపు పెట్టి, ఒకటో నంబరు నుంచి. హెడ్ బోల్టులు మధ్య నుంచి అంచులకి, మూడు విడతలుగా, నీ పుస్తకంలో ఉన్నట్టే. ఒకసారి ఆయిల్ పంపు తలకిందులుగా పెట్టి మొత్తం మళ్ళీ విప్పాను. ఒకసారి గాస్కెట్ చిరిగింది. గోళ్ళు ఎలా ఉన్నాయో అడగకు. కాలేజీలో సుద్దముక్క పట్టుకుంటే అది నల్లబడుతోంది.

నిన్న ఆదివారం. ముందు చక్రాలు వేశాను. పొద్దున పదింటికి ఇంజన్ తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్ పట్టుకున్నాను. చిన్నప్పుడు నువ్వు చెప్పింది గుర్తుంది, బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టకూడదు, లేకపోతే మణికట్టు విరుగుతుందని. తొమ్మిదిసార్లు తిప్పాను. దగ్గింది, తుమ్మింది, నీలం పొగ వదిలింది. టైలరమ్మ మిషను ఆపి గోడెక్కి కూర్చుంది. పదోసారి అందుకుంది.

అరగంట నడిపాను. చల్లగా ఉన్నప్పుడు విన్నాను, వేడెక్కాక విన్నాను, నెమ్మదిగా విన్నాను, స్పీడు పెంచి విన్నాను. నీ స్క్రూడ్రైవర్ ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, ఒక్కో చోటా విన్నాను. టైలరమ్మ చేత వినిపించాను. నలభై ఏళ్ళుగా మిషను ముందు కూర్చున్న మనిషి, సూది ఒక పోగు తప్పినా పసిగడుతుంది. "కుదురుగా ఉందండీ" అంది. ఇంజన్ చప్పుడు విని పాయింటు మామయ్య వచ్చాడు. గేటు దాటలేదు. రోడ్డు మీదే, తల ఒక పక్కకి వంచి, అరగంటా నిలబడ్డాడు. నేను ఇంజన్ ఆపాక వెళ్ళిపోయాడు.

ఇంజన్‌లో చప్పుడు లేదు. ఆరేళ్ళ కిందట కూడా లేదు. ఆ చప్పుడు నీ చెవిలో ఉంది. అందుకే ఆ ఏడాది వచ్చిన ప్రతి బండిలోనూ ఉంది, అందుకే స్పీడు పెంచినా మారలేదు, అందుకే పళ్ళు తోముకుంటున్నప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ మాట నువ్వు మార్చిలోనే రాశావు. బాధతో అన్నావనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాశావని ఇప్పుడు తెలిసింది. మే నెలలో ఇది ఇంత సూటిగా చెప్పే ధైర్యం లేక, ఊరికే అడుగుతున్నానన్నాను. అది తప్పు. నీకు కోపం రావలసిందే.

ఈ ఉత్తరంలో "ఏమో"లు లెక్కపెట్టుకో.

నేను చెప్పింది నమ్మకు. ఎవరు చెప్పిందీ నమ్మకు. ముప్ఫైన లారీతో పాటు నువ్వూ రా. నీ స్క్రూడ్రైవర్ చొక్కా జేబులోనే ఉంది. చెవితో వినలేకపోతే ఇంకెలా వినాలో నీకే తెలియాలి. విని, చప్పుడుందంటే తాళం నా చేత్తో తీసిస్తాను.

నీ అమ్మాయి


జూలై 5

తల్లీ,

క్షేమంగా చేరాను. నాకు బస్సులో నడుము పట్టేసింది. చెల్లి నువ్విచ్చిన సీసాలు వంటింట్లో వరసగా పెట్టుకుని మురిసిపోతోంది. చీటీలు కూడా పీకలేదు, పంచదార ఇప్పుడు "అంగుళం పావు" సీసాలో ఉంది.

ముప్ఫైన పొద్దున ఏం జరిగిందో నీకు తెలుసు, పక్కనే ఉన్నావు. లారీ గేటులో అడ్డంగా ఉంది, ఇనుమాయన తాడు విప్పుతున్నాడు, నువ్వు హ్యాండిల్ తిప్పావు. నేను స్క్రూడ్రైవర్ ఇంజన్ మీద పెట్టి పిడిని పళ్ళ మధ్య పట్టుకున్నాను. ఇనుమాయన నాకు మతి చలించిందనుకున్నాడు, మొహంలో కనిపించింది. నువ్వు చూడనిది నా నోట్లో జరిగింది. అది రాయాలి నీకు. అక్కడ చెప్పలేకపోయాను.

ఆరేళ్ళ తర్వాత విన్నాను. విన్నాననే అంటాను. పళ్ళలోంచి దవడలోకి, దవడలోంచి తలలోకి వచ్చింది. నాలుగు సిలిండర్లు, ఒకదాని వెనక ఒకటి, ఎవరూ తొక్కుకోకుండా, వరసలో నడిచే పిల్లల్లా. దాని పక్కనే నా చప్పుడు. టక్. ఆగి టక్. రెండూ వేరువేరుగా ఉన్నాయి. స్పీడు పెంచమని సైగ చేశాను, గుర్తుందా? నువ్వు పెంచావు. పిల్లలు పరిగెత్తారు. నాది అలాగే ఉంది, తాపీగా.

అప్పుడు ఆపమన్నాను. నువ్వనుకున్నావు, కోపంతో ఆపమన్నానని. నీ మొహం పాలిపోయింది. అది కాదు తల్లీ. ఆఖరి పరీక్ష అది. ఇంజన్ ఆగింది. నాది ఆగలేదు.

మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. నాడి కొట్టుకున్నప్పుడల్లా టక్. మూడుసార్లు ఇంజన్ విప్పాను కానీ ఒక్కసారి నా చెయ్యి పట్టుకుని చూసుకోలేదు. ఆ తర్వాత నేను లారీ బానెట్ మీద చరిచి వెనక్కి పొమ్మన్నది మీరందరూ చూశారు. షెడ్డు గోడ వైపు తిరిగి ఎందుకు నిలబడ్డానో నువ్వు అడగలేదు. అడగనందుకు సంతోషం.

గుమ్మడి నీది. మూడు వందల మైళ్ళు తిరిగాక హెడ్ బోల్టులు ఇంకోసారి బిగించు, వేడి మీద కాదు, చల్లారాక. సీటు కుట్లు మీ పిన్నివి, వాటి మీద బరువులు పెట్టకు.

నీతో పాటు వెళ్ళి పాయింటు గాడి షాపు గడప ఎక్కుదామనుకున్నాను. మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగాను. వాడు ఏమన్నా నాకు వినపడదు. క్షమించానంటాడో, పొమ్మంటాడో, వాడి పెదాలు చూసి పోల్చుకోవాలి, నా కళ్ళూ అంతంత మాత్రమే. ఈ కవరులో వాడికి ఇంకో చీటీ పెట్టాను. వీధిలో నలుగురి ముందు అన్నాను కాబట్టి వీధిలో నలుగురి ముందే చదవాలి. సైకిల్ షాపు ముందు. గొణగకు. క్లాసులో చదివినట్టు చదువు.

చిన్నాన్న


జూలై 13

చిన్నాన్నా,

గుమ్మడిలోనే వెళ్ళాను. మూల మలుపులో గేరు పడక కాస్త గొడవ చేసింది, నా తప్పే. సైకిల్ షాపు ముందు ఆపాను. నలుగురేమిటి, పదిమంది చేరారు కారు చూడ్డానికి. టైలరమ్మ వెనక సీట్లోంచి దిగలేదు, "నేనిక్కడ్నుంచే వింటా" అంది.

పాయింటు మామయ్య కారు చప్పుడుకే బయటికి వచ్చి గడపలో నిలబడ్డాడు, చేతిలో గుడ్డతో. నీ దగ్గర్నుంచి చీటీ తెచ్చానని చెప్పి చదివాను.

"పాయింటూ, క్రాంక్ సరిగ్గా ఉంది. ఆరేళ్ళ కిందటా సరిగ్గానే ఉంది. చప్పుడు నాలో ఉంటే నీ పనిలో ఉందన్నాను. కళ్ళు కనపడవని నిన్నన్నాను, నా చెవులు చూసుకోలేదు. ఏ వేలితో నిన్ను చూపించానో ఆ వేలితోనే ఇది రాస్తున్నాను. తప్పు నాది, పాయింటు తేడా లేకుండా."

మామయ్య చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, అప్పటికి అవి శుభ్రంగానే ఉన్నాయి. తర్వాత తలెత్తాడు.

"లేత్ ఆడుతుంటే సరిగ్గా వినపడలేదమ్మా. ఇంకోసారి చదువు" అన్నాడు.

నేను వచ్చేసరికే లేత్ ఆగి ఉంది. బెల్టు కదలడం లేదు. అయినా చిన్నాన్నా, గొంతు పెంచి మళ్ళీ మొదటి నుంచి చదివాను.

నీ అమ్మాయి